టీచర్ కంప్యూటర్, దాని చుట్టూ ఉండే పనిముట్లు: పాఠం మధ్యలో ఆగకుండా అన్నీ అమర్చుకునే పద్ధతి

పీరియడ్ మొదలైంది. ప్రొజెక్టర్‌లో బొమ్మ రాలేదు. వచ్చాక వీడియోకి సౌండ్ లేదు. సౌండ్ వచ్చేసరికి నెట్ పోయింది. ఇంతలో పిల్లల ధ్యాస ఎటో వెళ్లిపోయింది, దాన్ని మళ్లీ పాఠం మీదికి తెచ్చుకోవడానికి ఇంకొంత సమయం పోతుంది. ఇది టీచర్లందరికీ తెలిసిన బాధే. కంప్యూటర్ గురించి ఎవరైనా సలహా అడిగితే నేను ముందుగా చెప్పేది ఒకటే: ఏది కొత్తది, ఏది గొప్పది అని చూడకండి. పాఠం నడుస్తున్నప్పుడు మన ధ్యాసను తనవైపు లాగకుండా ఉండే వస్తువే మంచి వస్తువు. కింద చెప్పినవన్నీ ఆ లెక్కలోనే ఎంచినవి.

1. ముందు మీ వారం పనులు రాసుకోండి

ఏదీ కొనకముందు, ఏ యాప్ వేసుకోకముందు, ఒక వారంలో కంప్యూటర్ మీద మీరు నిజంగా చేసే పనులను కాగితం మీద రాయండి. ప్రశ్నపత్రం టైపు చేయడం, మార్కులు ఎక్కించడం, స్లైడ్లు, వీడియో చూపించడం, హాజరు, తల్లిదండ్రులకు సమాచారం, నోట్సు స్కాన్ చేయడం, ఇలా. ఒక్కో పని పక్కన అది ఎక్కడ చేస్తారో రాయండి: క్లాసులోనా, స్టాఫ్‌రూమ్‌లోనా, ఇంట్లోనా.

ఈ జాబితా చూస్తే ఒక సంగతి తేలుతుంది. మన పనుల్లో చాలావాటికి పెద్ద శక్తిగల మెషీన్ అక్కర్లేదు. వీడియో పాఠాలు రికార్డు చేసి ఎడిట్ చేసేవాళ్లకే దాని అవసరం. మిగతావాళ్లు ఆ డబ్బును మంచి మైక్ మీదో, బ్యాకప్ డ్రైవ్ మీదో పెట్టుకోవచ్చు.

2. మెషీన్ ఎంచుకోవడం

ర్యామ్ 8 జీబీ తప్పనిసరి. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిచి ఉంచే అలవాటున్నా, చాలా ఏళ్లు వాడాలనుకున్నా 16 జీబీ తీసుకోండి. స్టోరేజీ మాత్రం ఎస్ఎస్‌డీయే ఉండాలి, అంటే తిరిగే పళ్లెం లేని, హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన స్టోరేజీ. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. పాత లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందంటే చాలాసార్లు కారణం అందులోని హార్డ్ డిస్కే. దాన్ని తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే అదే మెషీన్ ఇంకొన్నేళ్లు హాయిగా పనిచేస్తుంది.

రోజూ మోసుకెళ్లేవారికి 14 అంగుళాల స్క్రీన్ సుఖం. అయితే 15.6 అంగుళాల మోడళ్లలో చాలావాటికి కుడివైపు అంకెల కీలు విడిగా ఉంటాయి. మార్కులు ఎక్కించేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది. చిన్న లాప్‌టాప్ ఉన్నవాళ్లు యూఎస్‌బీతో పెట్టుకునే నంబర్ ప్యాడ్ విడిగా కొనుక్కోవచ్చు.

పోర్టులు ఒకసారి చూసుకోండి. హెచ్‌డీఎంఐ పోర్టు మెషీన్‌కే ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. టైప్-సీ మాత్రమే ఉంటే జాగ్రత్త: ప్రతి టైప్-సీ పోర్టూ బొమ్మను బయటికి పంపదు. కొన్ని ఛార్జింగ్‌కీ, డేటాకే పరిమితం. డిస్‌ప్లేపోర్ట్ గానీ థండర్‌బోల్ట్ గానీ ఉందని మోడల్ వివరాల్లో స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ పాత మెషీన్ విండోస్ 11కి అర్హత లేనిదైతే దాన్ని పారేయనక్కర్లేదు. విండోస్‌కు బదులుగా లినక్స్ మింట్ లేదా ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ఎంఎస్ ఆఫీస్ లాంటి లిబ్రేఆఫీస్‌తో పని చేసుకోవచ్చు. ఇవన్నీ ఉచితం. సెకండ్ హ్యాండ్ క్రోమ్‌బుక్ (గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే లాప్‌టాప్) కొంటుంటే మాత్రం దాని ఆటోమేటిక్ అప్‌డేట్ల గడువు ఎప్పటివరకు ఉందో ముందే చూడండి. ప్రతి మోడల్‌కూ ఒక చివరి తేదీ ఉంటుంది.

ప్రింటర్ గురించి ఒక్క మాట. ఎప్పుడో ఒకసారి ప్రింటు తీసేవాళ్లకు ఇంక్‌జెట్ కంటే లేజర్ నయం. వాడకుండా ఉంచితే ఇంక్ నాజిల్‌లో ఎండిపోతుంది, లేజర్‌లో వాడే టోనర్ పొడికి ఆ బెడద లేదు.

3. క్లాసు సంచి

ఒక జిప్ సంచిలో ఇవి పెట్టి, వీటిని ఇంటి అవసరాలకు బయటికి తీయకండి:

- పొడవైన హెచ్‌డీఎంఐ కేబుల్. పోడియం నుంచి ప్రొజెక్టర్ ప్లగ్ దాకా అందాలి.
- హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్. పాత ప్రొజెక్టర్లు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి.
- 3.5 ఎంఎం ఆడియో కేబుల్. వీజీఏ తీగలో సౌండ్ వెళ్లదు. దాన్ని విడిగా స్పీకర్‌కు పంపాల్సిందే.
- పెన్‌డ్రైవ్, స్లైడ్ క్లిక్కర్, దానికి అదనపు బ్యాటరీ.
- ఛార్జర్. బ్యాటరీ ఫుల్‌గా ఉన్నా సరే.

పెన్‌డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో (ఫైళ్లను దాచే పద్ధతిలో) ఉందో కూడా చూడాలి. ఎఫ్ఏటీ32లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, పెద్ద వీడియో కాపీ కాదు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో పెడితే కొన్ని టీవీలు, డిజిటల్ బోర్డులు చదవలేవు. కొత్త పరికరాలకు ఎక్స్‌ఫ్యాట్ బాగుంటుంది. పాత ప్రొజెక్టర్ల కోసం చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి ఎఫ్ఏటీ32లో విడిగా ఉంచుకోండి.

4. ప్రొజెక్టర్‌కు కలిపేటప్పుడు

ఎక్కువ సమయం పోయేది ఇక్కడే కాబట్టి ఈ వరసను చేతికి అలవాటు చేసుకోండి.

కేబుల్ పెట్టండి, ప్రొజెక్టర్ ఆన్ చేయండి, దాని రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి మీరు కేబుల్ పెట్టిన పోర్టునే ఎంచుకోండి. బొమ్మ రాకపోవడానికి చాలాసార్లు కారణం ఈ సోర్సే. తర్వాత లాప్‌టాప్‌లో విండోస్ కీ పట్టుకుని పి నొక్కండి. నాలుగు ఎంపికలు వస్తాయి. డూప్లికేట్ అంటే రెండు చోట్లా ఒకటే బొమ్మ. ఎక్స్‌టెండ్ అంటే ప్రొజెక్టర్ మీకు రెండో స్క్రీన్ అవుతుంది.

చాలామంది డూప్లికేట్‌తో ఆగిపోతారు. ఎక్స్‌టెండ్ నేర్చుకోమని గట్టిగా చెబుతాను. పిల్లలకు స్లైడ్ మాత్రమే కనిపిస్తుంది, మీ స్క్రీన్ మీద మీ నోట్సు, తర్వాతి స్లైడ్, గడియారం ఉంటాయి. పవర్‌పాయింట్‌లో ప్రెజెంటర్ వ్యూ అంటే ఇదే. అంతకంటే ముఖ్యం, మార్కుల షీటో, ఎవరో తల్లి రాసిన ఈమెయిలో పొరపాటున క్లాసంతటికీ కనబడదు. ఒక పిల్లవాడి మార్కులు నలభై మంది ముందు గోడ మీద పడటం చిన్న విషయం కాదు.

సౌండ్ కోసం టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి, అవుట్‌పుట్ ఎటు వెళ్తోందో చూడండి. హెచ్‌డీఎంఐ పెట్టగానే సౌండ్ ప్రొజెక్టర్‌లోని చిన్న స్పీకర్‌కు మళ్లిపోతుంది. మీకు కావలసిందేమో గోడకున్న పెద్ద స్పీకర్. అక్కడే మార్చుకోవచ్చు. చివరగా డూ నాట్ డిస్టర్బ్ ఆన్ చేయండి, మెసేజీలు స్లైడ్ మీద తేలవు.

ఇక వెనక బెంచీ దగ్గరికి నడిచి వెళ్లి చూడండి. ఇంగ్లీషు అక్షరాలకు 24 పాయింట్ సరిపోయినా, తెలుగుకు 28 అయినా ఉండాలి. ఎందుకంటే మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని దూరం నుంచి చూడండి, సంగతి అర్థమవుతుంది. లైన్ల మధ్య ఎడం కూడా 1.2 నుంచి 1.5 దాకా పెంచండి. లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి.

రంగుల విషయంలో, వెలుతురున్న గదిలో నల్ల బ్యాక్‌గ్రౌండ్ వద్దు. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నలుపు ఉన్నచోట వెలుగు వేయకుండా వదిలేస్తుంది, అంతే. గోడ మీద ఎండ పడుతుంటే అక్కడ బూడిద రంగే కనిపిస్తుంది. లేత బ్యాక్‌గ్రౌండ్ మీద ముదురు అక్షరాలే చదవడానికి వీలు.

పాఠం నడుస్తుండగా పనికొచ్చే కీలు: ఎఫ్5 నొక్కితే స్లైడ్లు మొదటినుంచి, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ఉన్నచోటు నుంచి మొదలవుతాయి. స్లైడ్లు నడుస్తున్నప్పుడు బి నొక్కితే తెర నల్లబడుతుంది. పిల్లలు మీ మాట వినాలనుకున్నప్పుడు ఇంతకంటే మంచి సాధనం లేదు. మళ్లీ బి నొక్కితే బొమ్మ వస్తుంది. స్లైడ్ నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తారు, ముప్పై స్లైడ్లు వెనక్కి తిప్పనక్కర్లేదు.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే జూమ్‌ఇట్ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా వేసుకోండి. కంట్రోల్+1తో తెరలో ఏ భాగాన్నైనా పెద్దది చేయవచ్చు, కంట్రోల్+2తో దాని మీద గీయవచ్చు, ఎస్కేప్ నొక్కితే మామూలు స్థితికి వస్తుంది. మ్యాపు మీద ఒక నదిని చూపించడానికైనా, లెక్కలో ఒక గుర్తు చుట్టూ గీత గీయడానికైనా ఇది చాలు.

5. తెలుగు టైపింగ్

కొత్తగా టైపు చేసేదేదైనా యూనికోడ్‌లోనే చేయండి. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రపంచ ప్రమాణం అది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. అయినా పాత డీటీపీ ఫాంట్లతో చేసిన ప్రశ్నపత్రాలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను పెడతాయి. అందుకే ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తుల వరస కనిపిస్తుంది, అందులో ఏ పదాన్నీ వెతకలేం.

విండోస్‌లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు భాషను కలుపుకోండి. కీబోర్డుల్లో ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో కీకి ఒక తెలుగు అక్షరం), ఫొనెటిక్ (శబ్దాన్ని బట్టి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది) రెండూ ఉంటాయి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషుకూ తెలుగుకూ మారవచ్చు. అప్పుడప్పుడూ టైపు చేసేవారికి ఫొనెటిక్ చాలు. రోజూ పేజీలకు పేజీలు కొట్టేవారు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటే మేలు. అచ్చులు, గుణింతాలు ఎడమచేతివైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతివైపు ఉంటాయి కాబట్టి చేతులు మారుతూ వేగంగా సాగుతాయి.

పొడవైన పాఠాలైతే ఫోన్‌లో జీబోర్డ్‌తో గూగుల్ డాక్స్‌లోకి చెప్పి రాయించి, తర్వాత కంప్యూటర్‌లో తెరిచి దిద్దుకోవచ్చు. ల–ళ, న–ణ తేడాలనూ, పదాల కలయికలనూ శ్రద్ధగా చూసుకోవాలి. కాగితం మీదున్న పాత ప్రశ్నపత్రాన్ని ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, డాక్స్‌తో తెరిస్తే అందులోని తెలుగు అక్షరాలుగా మారి వస్తుంది. అంకెలు, వత్తులు తప్పకుండా సరిచూడండి. ప్రశ్నపత్రంలో 3కి బదులు 8 పడితే లెక్కే మారిపోతుంది.

ప్రింటుకు పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి, ఫాంట్ అందులోనే ఉంటుంది. కానీ అసలు ఫైలును పారేయవద్దు. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలు తరచూ చెల్లాచెదురవుతాయి. వచ్చే ఏడాది అదే పేపర్‌ను మార్చి వాడుకోవాలంటే అసలు ఫైలే దిక్కు.

6. మార్కుల షీటు

టీచర్ చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్లలో బాగా నేర్చుకోవాల్సింది ఎక్సెల్ లేదా లిబ్రేఆఫీస్ కాల్క్. ఇక్కడి తప్పు నేరుగా ఒక పిల్లవాడి మీద పడుతుంది.

ఒక పిల్లవాడికి ఒకే వరుస. మొదటి కాలమ్‌లో రోల్ నంబర్, తర్వాత పేరు. అందం కోసం సెల్స్‌ను మెర్జ్ చేయకండి (ఒకటిగా కలపకండి), తర్వాత సార్టింగ్, అంటే వరస క్రమంలో పెట్టడం, పనిచేయదు. రోల్ నంబర్ సున్నాతో మొదలైతే, ఎక్కించకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే 007 కాస్తా 7 అయిపోతుంది. ఒకే పేరున్న పిల్లలు ఉంటారు కాబట్టి రెండు షీట్లను కలపడానికి పేరును కాక రోల్ నంబర్‌నే వాడండి.

పరీక్షకు రాని పిల్లల గడిలో సున్నా వేయకండి. ఒక అమ్మాయికి నాలుగు టెస్టుల్లో 18, 16, 14 వచ్చి, ఒకదానికి జ్వరంతో రాలేదనుకుందాం. సున్నా వేస్తే సగటు 12. ఆ గడిలో ‘గైర్హాజరు’ అని అక్షరాల్లో రాస్తే యావరేజ్ ఫార్ములా దాన్ని వదిలేసి 16 ఇస్తుంది. ఏది న్యాయమో మీ పాఠశాల నిబంధనను బట్టి మీరు తేల్చాలి. కానీ ఆ నిర్ణయం మీదై ఉండాలి, షీటుది కాకూడదు. గడి ఖాళీగా వదిలినా సగటు 16 వస్తుంది, కానీ రాలేదా, ఎక్కించడం మరిచారా అన్నది తర్వాత తెలియదు.

మార్కుల కాలమ్‌లను ఎంచుకుని డేటా మెనూలో డేటా వ్యాలిడేషన్ తెరవండి. డెసిమల్ అని పెట్టి, 0 నుంచి 20 మధ్య అని చెప్పండి. 17.5కి బదులు 175 కొడితే వెంటనే హెచ్చరిస్తుంది. ఎర్రర్ అలర్ట్‌లో స్టాప్ బదులు వార్నింగ్ ఎంచుకోండి. అప్పుడు ‘గైర్హాజరు’ అని రాసినప్పుడు అడుగుతుంది గానీ అడ్డుకోదు.

అన్నిటికంటే ప్రమాదం సార్టింగ్‌లో ఉంది. పేర్ల కాలమ్ ఒక్కటే ఎంచుకుని సార్ట్ చేస్తే పేర్లు కదులుతాయి, మార్కులు కదలవు. ఒకరి మార్కులు ఇంకొకరికి వెళ్తాయి, చూస్తే తప్పు ఉన్నట్టే అనిపించదు. ఎక్సెల్ ఎక్స్‌పాండ్ ద సెలక్షన్ అని అడిగినప్పుడు ఒప్పుకోవాలి. ఇంకా మంచి పని, మొదట్లోనే మొత్తాన్ని ఎంచుకుని కంట్రోల్+టి నొక్కి టేబుల్‌గా మార్చడం. అప్పుడు వరుస మొత్తం కలిసే కదులుతుంది.

అసలు మార్కులు ఒక షీటులో, లెక్కలు, గ్రేడ్లు ఇంకో షీటులో ఉంచండి. ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే ఎక్సెల్ తిరిగి చెప్పదు, భద్రంగా రాసుకోండి. తల్లిదండ్రులకు విడివిడిగా ప్రోగ్రెస్ లెటర్లు ఇవ్వాలంటే వర్డ్‌లోని మెయిల్ మెర్జ్ ఈ షీటు నుంచే పేరు, మార్కులు తీసుకుని అన్నీ ఒకేసారి తయారు చేస్తుంది.

7. పాఠానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్

తక్కువ వేసుకోండి, వేసుకున్నవి బాగా నేర్చుకోండి. లెక్కలకు జియోజెబ్రా. సైన్స్‌కు కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ ప్రయోగాలు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు. దీన్ని 2002లో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ మొదలుపెట్టారు. అక్కడి కొత్త తరహా ప్రయోగాలను ఫైలుగా దించుకుంటే నెట్ లేకుండానే బ్రౌజర్‌లో నడుస్తాయి. ఆకాశం చూపించడానికి స్టెల్లేరియం, వీడియోలకు వీఎల్‌సీ, ఆడియో రికార్డింగ్‌కు ఆడాసిటీ, స్క్రీన్ రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో. ఇవన్నీ ఉచితమే.

పిల్లల దగ్గర పరికరాలు లేని క్లాసులో క్విజ్ పెట్టాలంటే ప్లికర్స్ చూడండి. పిల్లలు ప్రింటు తీసిన కార్డును తమ జవాబుకు తగ్గట్టు తిప్పి పట్టుకుంటారు, మీ ఫోన్ కెమెరా వాటిని చదువుతుంది. ఎవరు ఏం ఎంచుకున్నారో పక్కవాళ్లకు సులువుగా తెలియదు, అందుకే వెనకబడిన పిల్లలు కూడా ధైర్యంగా కార్డు ఎత్తుతారు.

ఏఐ చాట్‌బాట్‌లతో ప్రశ్నల చిత్తుప్రతి రాయించుకోవచ్చు. ఒక్కో ప్రశ్ననూ మీరే స్వయంగా చేసి చూశాకే పేపర్‌లో పెట్టండి. జవాబు తప్పుగా ఉండి కూడా నమ్మకంగా చెప్పడం వాటికి మామూలు. పిల్లల పేర్లు, మార్కులు, ఆరోగ్య వివరాలు వాటికి ఇవ్వకండి.

8. ఫైళ్లు, బ్యాకప్

ఫోల్డర్ వరస: విద్యా సంవత్సరం, తరగతి, సబ్జెక్టు, యూనిట్. ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి, ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు: 2026-01-09 అన్నట్టు. అప్పుడు పేర్ల వరసే కాలక్రమం అవుతుంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ అనే పేర్లు ఇక అవసరం పడవు.

బ్యాకప్‌కు 3-2-1 అనే సూత్రం వాడుకలో ఉంది: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరేచోట. లాప్‌టాప్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంటే సరిపోతుంది. క్లౌడ్ సింక్ ఒక్కటే ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ డ్రైవ్‌కూ, జీమెయిల్‌కూ, ఫొటోలకూ కలిపి అని గుర్తుంచుకోండి. ఇంటి ఫొటోలతో అది నిండితే ఈమెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. బడి పనికి వేరే అకౌంట్ ఉంచుకోవడం అన్నివిధాలా మంచిది.

9. ఉమ్మడి కంప్యూటర్లు, అకౌంట్లు

స్టాఫ్‌రూమ్‌లో గానీ ల్యాబ్‌లో గానీ అందరూ వాడే కంప్యూటర్‌లో బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో విండోలోనే (మూయగానే లాగిన్ వివరాలు మరిచిపోయేది) లాగిన్ అవ్వండి, పని అయ్యాక విండో మూసేయండి. మీ లాప్‌టాప్ వదిలి లేస్తే విండోస్ కీ, ఎల్ నొక్కి లాక్ చేయండి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌తో రెండో తనిఖీ) పెట్టుకుంటే దాని బ్యాకప్ కోడ్లు ప్రింటు తీసి భద్రంగా ఉంచండి. ఫోన్ ఇంట్లో మరిచిన రోజున అవే ఆదుకుంటాయి. పాస్‌వర్డ్‌లను దాచుకోవడానికి బిట్‌వార్డెన్ లేదా కీపాస్‌ఎక్స్‌సీ అనే ప్రోగ్రామ్ వాడండి. తల్లిదండ్రులందరికీ ఒకే ఈమెయిల్ పంపేటప్పుడు చిరునామాలు బీసీసీలో పెట్టండి, ఒకరివి ఇంకొకరికి కనిపించవు.

10. అప్‌డేట్లు, వారాంతపు తయారీ

క్లాసు మధ్యలో రీస్టార్ట్ అడిగే లాప్‌టాప్‌ను అదుపులో పెట్టడానికి విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్‌ను బడి వేళలకు సరిపెట్టండి. అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేయవద్దు, భద్రతా లోపాలను సరిచేసేవి అవే. వారంలో చివరి పీరియడ్ అయ్యాక మీరే అప్‌డేట్ చేసి, రీస్టార్ట్ చేయండి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టి బ్యాకప్ తీయండి. ఆ బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైలు తెరిచి, అది నిజంగా తెరుచుకుంటోందని చూసుకోండి. వచ్చే వారం మొదటి పాఠం స్లైడ్లను, వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, వైఫై ఆపేసి ఒకసారి మొదటినుంచి చివరిదాకా నడిపి చూడండి. ఎక్కడైనా ఆగితే ఆ స్లైడ్‌లో నెట్ లింకు ఉందన్నమాట. దాని స్థానంలో దించుకున్న ఫైలు పెట్టండి.